కెమెరాకు పసుపు బాగా కనిపిస్తుంది

మా మామ మోకాలికి ఆపరేషన్ జరిగితే కాలు ఊపే జబ్బు నాకు పట్టుకుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఏ డాక్టరూ ఒప్పుకోడు గానీ, ఉంది. మధ్యలో ఒక కెమెరా ఉంది.

నగర్తపేటలో మామకు చీరల హోల్‌సేల్ అంగడి. అంగడంటే వీధిలోకి అద్దాలు, అద్దాల వెనక బొమ్మలు, అటువంటిది కాదు. పాత మిద్దె మొదటి అంతస్తు. కింద నుంచి ఇరుకైన కొయ్య మెట్లు. అవి మనుషులు ఎక్కడానికి కట్టినవా, ఎక్కకుండా ఆపడానికి కట్టినవా అన్నది ఇంకా తేలలేదు. పైన తెల్లగుడ్డ పరిచిన పెద్ద పరుపు, చుట్టూ పైకప్పు దాకా చీరలు. చిన్న చిన్న ఊళ్ల నుంచి షాపులవాళ్లు వచ్చి ఆ పరుపు మీద కూర్చుని సరుకు కొనుక్కుపోతారు. వాళ్లను మేము పార్టీలంటాం.

అంగడిలో మేము ముగ్గురం. హిందూపురం వైపు నుంచి ఎప్పుడో ఈ కన్నడ ఊరికి వచ్చి ఇక్కడే తల నెరిసిన సేల్స్‌మన్, అందరికీ పెద్దన్న. పార్టీలు విప్పి పడేసిన చీరల్ని మళ్లీ మడిచి సర్దే మడతలక్క. ఎం.కాం. చదివి బిల్లులూ జీఎస్టీ చూసుకునే నేను. అంగట్లో చదువుకున్నవాడు ఒకడుండాలని మామ నన్ను పెట్టుకున్నాడు. చదువుకున్నవాడు ఏం చెయ్యాలన్నది మాత్రం మా ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ఇంతవరకు దానివల్ల ఇబ్బంది రాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అరిగిన మోకాలు తీసేసి కొత్తది పెట్టారు. డాక్టరు చెప్పింది ఒక్కటే. కొత్త మోకాలు దానంతట అది వంగదు, రోజూ నొప్పి ఓర్చుకుని వంచాలి. బడిలో చెప్పిన లంబకోణం దాకా వంగితే మెట్లెక్కొచ్చు. గడువులోగా వంగకపోతే మళ్లీ మత్తు ఇచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది, దానికి కూడా హామీ లేదు. మామ అంతా విని, బయటికి వచ్చాక నాతో అన్నాడు.

"నేను ఎక్కలేని అంగడి నాకెందుకప్పా. వంగకపోతే బాడుగకిచ్చేసేదే."

ఆయన ఈ మాట మామూలుగా అన్నాడు. ఆయన ఏదైనా మామూలుగా అంటే చేస్తాడని అర్థం.

ఇంటికొచ్చిన మర్నాడే ఫోన్. "పడుకోని గోడ జూసేది ఎట్లప్పా. అంగడి జూపించు నాకు."

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డుకు వెళ్లి ఒక చిన్న కెమెరా తెచ్చి మూలన పైన బిగించాను. ఇంట్లో మామ మంచం దగ్గర ట్యాబ్ పెట్టాను. నా చదువు పనికొచ్చిన మొదటి సందర్భం అది. కెమెరాలోంచి మామ మాట్లాడొచ్చు కూడా. మార్కెట్ గోలకు అత్త తల పట్టుకోవడంతో వినడం మాత్రం ఆపేసుకున్నాడు. కాబట్టి ఆయనకు మేము కనిపిస్తాం, వినిపించం. ఎవరైనా చూస్తుంటే కెమెరా కింద చిన్న నీలం దీపం వెలుగుతుంది.

మొదటి రోజు ఉదయం అది వెలిగింది. అప్పటిదాకా నాకు రెండు చేతులున్న సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజు అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల మీద పెడితే ఖాళీగా ఉన్నట్టుంది. కీబోర్డు మీద పెడితే ఏదో ఒకటి టైపు చెయ్యాలి. బిల్లు లేదు. పాత బిల్లు ఒకటి తెరిచి, దానిని శ్రద్ధగా చదివి, మూసి, మళ్లీ తెరిచాను. కాలు తనంతట తాను ఊగడం మొదలుపెట్టింది. బల్ల కింద ఉంది కాబట్టి దానిని ఆపలేదు. కనిపించేదాన్ని సర్దుకోవడానికే సమయం చాలడం లేదు.

పెద్దన్నకు ఇంకా కష్టమొచ్చింది. ఆయన అమ్మే పద్ధతి చూడ్డానికి పని చేస్తున్నట్టు ఉండదు. పార్టీ మెట్లెక్కి వచ్చి పరుపు మీద కూలబడగానే ఆయన బై-టూ కాఫీ, అంటే ఒకటే కాఫీ ఇద్దరికి పంచమని, చెప్తాడు. తర్వాత చీరల మాట ఎత్తడు. మీ పక్క వాన పడిందా, బోర్లలో నీళ్లున్నాయా, ఈ ఏడాది ముహూర్తాలు ఎన్నాళ్ల దాకా ఉన్నాయి, ఎదురు షాపువాడి కొడుక్కి సంబంధం కుదిరిందా. ఇట్లా అడుగుతూ గోడకు ఆనుకుని కాలు మీద కాలు వేసుకుంటాడు. చివరికి పార్టీకే ఓపిక నశించి, "చీరలు చూపించప్పా" అంటుంది. అప్పుడు లేచి, ఆ ఊళ్లో ఏది పోతుందో ఈ కబుర్లలో పట్టేసి, సరిగ్గా అవే దింపుతాడు. పార్టీ మారు మాట్లాడకుండా మూట కట్టించుకుంటుంది.

ఆ రోజు మదనపల్లె పార్టీ వచ్చింది. కాఫీ వచ్చింది. పెద్దన్న గోడకు ఆనుకున్నాడు. "టమాటా ఏమి రేటు పలుకుతా ఉండాదన్నా మీ పక్క" అన్నాడు. పార్టీ టమాటా గురించి చెప్పడం మొదలుపెట్టగానే పైనుంచి మామ గొంతు.

"ఏమప్పా, పార్టీ వచ్చి యెంతసేపాయె. ఒక్క చీర గూడ దింపలేదే. కాలు మీద కాలేసుకోని కూచున్నావే."

మదనపల్లె ఆయన చేతిలో కాఫీ తొణికింది. పైకి, కిందికి, బీరువాల వెనక్కి చూశాడు. "ఎవురప్పా అది" అన్నాడు.

"మా సావుకారే. ఆపరేషన్ అయినాది" అన్నాడు పెద్దన్న.

"అయ్యో. పోయినాడా."

"లేదన్నా, ఇంట్లో ఉండాడు. చూస్తా ఉండాడు."

ఈ జవాబుతో ఆయన ధైర్యం పెరిగినట్టు కనిపించలేదు. పెద్దన్న లేచి బీరువా దగ్గరికి పరిగెత్తి, చేతికందిన చీరల్ని దింపసాగాడు. ఆయన అట్లా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పరుపు మీద చీరలు గుట్టపడ్డాయి. మదనపల్లె ఆయన ఆ గుట్టను, మూలనున్న కెమెరాను మార్చి మార్చి చూశాడు. "ఏమి, అంగడి ఖాళీ చేస్తా ఉండారా" అని అడిగి, మళ్లీ వస్తానని చెప్పి దిగిపోయాడు. పైనుంచి మామ, "అట్ల జేయాల పని" అన్నాడు.

ఆ వారం మేము చాలా కష్టపడ్డాం. అమ్మకాలు అంతకంటే కష్టపడి తగ్గాయి.

నా కంప్యూటర్‌లో కూడా కెమెరా బొమ్మ వస్తుంది. ఒక మధ్యాహ్నం మడతలక్క నా వెనక నిలబడి చాలాసేపు దాన్ని చూసింది. "నేను యాడుండాను ఇందులో" అంది. చూపించాను. మా ట్యూబులైట్ల కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మెరూన్ అన్నీ ఆ బొమ్మలో ఒకే బొగ్గు రంగు. ఆమె పొద్దుట్నుంచి మడిచిన చీరలన్నీ ఒక నల్లటి దిబ్బలా ఉన్నాయి. ఆ దిబ్బలో చేతులు కదులుతున్నాయని కూడా తెలియడం లేదు. ఒక్క పసుపు చీర మాత్రం దీపంలా వెలిగిపోతోంది.

మర్నాడు ఉదయం ఆమె రాగానే పసుపు చీరల దొంతర ఒకటి తెచ్చి పరుపు మధ్యలో పెట్టుకుంది. ఒక్కొక్కటీ విప్పింది, దులిపింది, మడిచింది. అన్నీ అయిపోయాక మళ్లీ మొదలుపెట్టింది. పైనుంచి మామ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే, సాయంత్రానికి పెద్దన్న కూడా ఏ పార్టీ వచ్చినా ముందు రెండు పసుపు చీరలు విసురుగా పరిచి, తర్వాత వానల గురించి అడగడం నేర్చుకున్నాడు. నేను బిల్లు రాయాల్సిన పని లేనప్పుడు లేచి, ఒక పసుపు చీర బీరువాలోంచి తీసి, ఇంకో బీరువాలో పెట్టి వచ్చేవాణ్ని. ఎం.కాం. చదివినవాడు కూర్చునే ఉన్నాడన్న మాట రాకూడదు కదా.

కొన్నాళ్లకు మామ ఫోన్ చేసి అడిగాడు. "ఏమప్పా, పసుపును అంతగా చూస్తా ఉండారా."

"అందరి కళ్లూ దాని మీదే మామా" అన్నాను. పార్టీల కళ్లని నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు.

తర్వాతి వారం హమాలీలు మూటలు మోసుకొచ్చి పరుపు మీద దించారు. దొడ్డబళ్ళాపురం మగ్గాల నుంచి. మేము ఎవరమూ ఆర్డరు చెప్పలేదు. పెద్దన్న మొదటి మూట తాడు కోశాడు. పసుపు. రెండోది నిమ్మపండు పసుపు. మూడోది మామిడిపండు పసుపు. తర్వాత మూటలు కోయకుండానే సందులోంచి వేలు పెట్టి చూసి వదిలేశాడు.

"ఏమప్పా, ఊర్లన్నిట్లోనూ ఒక్కనాడే పెండ్లి బెట్టుకున్నారా" అన్నాడు మెల్లగా.

నీలం దీపం వెలుగుతోంది. పైనుంచి మామ గొంతు, ఎప్పుడూ లేనంత ఉషారుగా. "ఎట్లుండాది? మంచం మీద పడుకోని గూడ యాపారం జేస్తా ఉండాను సూడండి." మేము ముగ్గురం కెమెరా వైపు తిరిగి నిలబడ్డాం. సంతోషంగా కనిపించడం ఆ రోజు పనిలో భాగమైంది. మడతలక్క రెండు చేతులూ ఎత్తి నమస్కారం కూడా పెట్టింది.

ఆ సాయంత్రం అత్త ఫోన్ చేసింది. వంటింట్లోంచి, గొంతు తగ్గించి.

"ఆ కెమెరా పీకెయ్యప్పా."

"ఏమైందత్తా?"

"ఫిజియో పిల్లోడు వచ్చిపోయె. కాలు వంగనే లేదంట. ఈయన వంచితే గదా. పొద్దన లేస్తూనే కాలు కొయ్య మాదిరి చాచుకోని మిమ్మల్ని జూస్తా కూచుంటాడు. వంచు అంటే, ఉండు పార్టీ వచ్చె అంటాడు. పార్టీ పోతే, ఉండు పెద్దన్న కాఫీకి పోయె, ఎప్పుడొస్తాడో చూస్తా అంటాడు. సీరియల్ జూసినట్ల జూస్తాడప్పా మిమ్మల్ని. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం డాక్టరు రమ్మన్నాడు. వంగకపోతే మత్తు మందేనంట."

అంటే మేము ఎంత బాగా నటిస్తే ఆయన కాలు అంతగా బిగుసుకుంటోంది. పొద్దున ఈ సంగతి మిగతా ఇద్దరికీ చెప్పాను. కెమెరా తీసేద్దామన్నాను. పెద్దన్న చీర మడుస్తున్నట్టు తల వంచుకుని, పెదాలు కదపకుండా మాట్లాడాడు. ఈ విద్య కూడా మాకు ఆ మధ్యే వచ్చింది.

"తీసేస్తే ఊరికే ఉంటాడా. ఆటో ఎక్కి వచ్చి కింద మెట్ల దగ్గర కుర్చీ ఏసుకోని కూచుంటాడు."

మడతలక్క అంది. "మనల్ని జూస్తా ఉంటే మనం కూచోకుండా ఏదో ఒగటి జేస్తా ఉండాం గదా. ఆయప్పను గూడ ఎవరన్నా జూస్తే?"

మంచి ఆలోచన. మేము ఆ మధ్యాహ్నమే అత్త ఫోన్‌కు వీడియో కాల్ చేశాం. అత్త ఫోన్‌ను పోపుల డబ్బాకు ఆనించి మంచం ఎదురుగా పెట్టింది. మొదట ముక్కు, తర్వాత ఫ్యాను, తర్వాత మామ కనిపించాడు. తన అంగట్లో పనిచేసేవాళ్లు ముగ్గురూ వరసగా కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకుంటూ తనను చూస్తుండటం ఆయనకు నచ్చలేదు.

"ఏమిదంతా సుమ్నే" అన్నాడు, ఊరికే ఎందుకిదంతా అని.

"సుమ్నే కాదన్నా. నువ్వు వంచాల, మేము చూడాల" అంది మడతలక్క.

పనివాళ్ల ముందు అమ్మా అనలేడు. దుప్పటి సర్దుకుని వంచాడు. ఆశ్చర్యంగా వంగింది. మళ్లీ వంచాడు. పైకి లెక్క కూడా పెట్టాడు. మర్నాడు ఇంకా బాగా వంచాడు. పెద్దన్న మజ్జిగన్నం ఆపి, "పాతికేళ్ల పిల్లోని కాలు మాదిరి ఉండాది సావుకారూ" అన్నాడు. మామ ముఖంలో వెలుగొచ్చింది. అత్త ఫోన్‌ను డబ్బాకు ఆనించి వంటింట్లోకి వెళ్లిపోయేది, మేమున్నాం కదా అని. గమనించబడేవాడు బాగా పనిచేస్తాడని నేను పెద్దన్నకు కాస్త వివరంగా చెప్పాను. కాలేజీలో విన్నట్టు గుర్తు. ఆయన నా మాట మర్యాదగా విన్నాడు. ఆ సమయంలో చేతిలో పసుపు చీర ఉంది.

నాలుగో రోజో ఐదో రోజో, మామ లెక్క పెడుతూ వంచుతుండగా మడతలక్క ముద్ద నోటి దాకా తెచ్చి ఆగింది.

"అన్నా, ఎండలు ఇట్ల మండుతా ఉండాయి గదా. నీకు ఒక్క కాలికే చలేస్తాదా?"

అప్పుడు చూశాం. ఒక కాలు లేస్తోంది, వంగుతోంది. రెండో కాలు తొడ నుంచి పాదం దాకా దుప్పటి కింద, కొయ్యలా.

మామ లెక్క ఆగిపోయింది.

"ఆ దుప్పటి స్వల్ప తీయన్నా."

"ఏం, డాక్టరా నువ్వు?"

"నేను దినమంతా జేసేది అదే గదన్నా. మడిచిన చీరే మళ్లా మడిచేది. నాకు తెలీదా."

అత్త వంటింట్లోంచి వచ్చింది. మాటలు విన్నదో, మా ముఖాలు చూసిందో. దుప్పటి లాగింది. వాచిన మోకాలు, పొడుగాటి కుట్ల గీత, మంచానికి అతికించినట్టు నిటారుగా ఉన్న కాలు. అత్త తిట్టలేదు. ఫోన్‌ను బోర్లించబోయి వెల్లకిలా పెట్టింది. మాకు ఫ్యాను తిరుగుతూ కనిపించింది. అత్త గొంతు మాత్రం వినిపించింది.

"ఎవరికి చూపించేకి జేస్తా ఉండావు ఇదంతా?"

"వాళ్లు ఎవరికి చూపించేకి పసుపు చీరలు మడిచిరి?" అన్నాడు మామ.

మా ముగ్గురిలో ఎవరమూ నమలడం లేదు.

"మూటలు దిగిన దినమే తెలిసె నాకు. సంతోషంగా ఉండేవాళ్లు ఎవరన్నా అట్ల నిలబడతారా. ఒకరేమో నమస్కారం. నేనేమన్నా దేవుణ్నా." తర్వాత గొంతు తగ్గించి, "నొస్తాదే. వాళ్ల ముందర యాడ ఏడ్చేది."

కాల్ ఆగిపోయింది. కొంతసేపటికి మూలన నీలం దీపం కూడా ఆరిపోయింది. ఆ తర్వాత అది వెలగలేదు.

మేము కోరుకున్నది అదే అనుకుంటే, ఆ రోజులు ఎందుకంత అధ్వానంగా గడిచాయో చెప్పలేను. ఎవరూ చూడటం లేదు. పెద్దన్న హాయిగా గోడకు ఆనుకుని పార్టీతో బోర్ల గురించి మాట్లాడుతూ, మధ్యలో దిగ్గున లేచి ఒక చీర విసిరి, ఎందుకు విసిరానా అన్నట్టు దానిని చూస్తూ నిలబడేవాడు. మడతలక్క ఎరుపు చీరలు మడుస్తూ మూల వైపు చూసేది. నేను కుర్చీలో కూర్చోలేను, లేచి ఏం చెయ్యాలో తెలియదు. కిటికీ దాకా వెళ్లి, కింద చేతిబండ్లు ఇరుక్కోవడం చూసి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లేవాణ్ని. ఇంతకుముందు మామ ఏం చూస్తున్నాడో అని భయం. ఇప్పుడు మామ ఏం చేస్తున్నాడో తెలియదు. శనివారం దగ్గరికొస్తోంది. అంగడి బాడుగకు పోతుందేమోనన్న మాట ముగ్గురిలో ఎవరమూ ఎత్తలేదు. కానీ పెద్దన్న ఒకసారి బీరువాల తలుపులు ఒక్కొక్కటిగా తెరిచి మూశాడు. లోపల వెతుక్కునేది ఏమీ లేదు.

రోజూ అత్తకు ఫోన్ చేసేవాణ్ని.

"గది తలుపేసుకుంటాడప్పా. పొద్దన ఒక తూరి, సాయంత్రం ఒక తూరి. లోపల నుంచి మూలుగు వస్తాది. అరుస్తాడు. ఒకోతూరి మీ ముగ్గురినీ తిడతాడు, పేరు పేరునా. అయినాక తలుపు తీసి కాఫీ అడుగుతాడు."

"వంచుతున్నాడా అయితే?"

"నాకేం తెలుసు."

"తలుపు సందులోంచి చూడకూడదా అత్తా?"

"చూడను. చూస్తే మళ్లా దుప్పటి కప్పుకుంటాడు."

శనివారం నేనే మామను క్యాబ్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ట్రాఫిక్‌లో ఇద్దరమూ చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. డాక్టరు మామను బల్ల మీద పడుకోబెట్టి, కాలు పట్టుకుని మెల్లగా వంచడం మొదలుపెట్టాడు. మామ బల్ల అంచు పట్టుకున్నాడు. నేను గోడ మీద వేలాడుతున్న ఎముకల బొమ్మలో తుంటి దగ్గర ఎన్ని ముక్కలున్నాయో చూస్తూ ఉన్నాను. కాలు వంగుతూ వచ్చింది, ఆగింది, ఇంకొంచెం వంగింది. డాక్టరు ఏదో కొలిచాడు.

"పూర్తిగా రాలేదు. కానీ మత్తు అక్కర్లేదు. ఇట్లాగే చేస్తూ పోండి. మెట్లు, జాగ్రత్తగా ప్రయత్నించొచ్చు."

మామ చెమట తుడుచుకుని చొక్కా సర్దుకున్నాడు. క్యాబ్‌లో కూర్చున్నాక, "అంగడికి పోనీ" అన్నాడు డ్రైవరుతో. నేను అత్తను అడగనా అన్నాను. నా వైపు చూశాడు. అడగలేదు.

నగర్తపేటలో క్యాబు దూరలేని చోట దిగి, కర్ర సాయంతో నడిచి వచ్చాడు. మెట్ల దగ్గర పెద్దన్న, మడతలక్క, పక్క అంగళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పటికే పోగయ్యారు. మామ తల ఎత్తి మెట్ల పైదాకా చూశాడు. తర్వాత మమ్మల్ని చూశాడు.

"ఎవరూ జూడద్దండప్పా. పోయి పని జూసుకోండి."

"పడితే?" అన్నాను.

"నువ్వు గూడ."

పక్క అంగళ్లవాళ్లు వెళ్లిపోయారు. మేము ముగ్గురం పైకి వచ్చి, మెట్ల వైపు వీపు పెట్టి నిలబడ్డాం. ఎవరో చెప్పారని కాదు. అటు తిరిగి నిలబడితే చూడకుండా ఉండలేమని అందరికీ తెలుసు. కర్ర చప్పుడు. అడుగు. ఊపిరి. కర్ర. అడుగు. సగం దాకా వచ్చినట్టుంది. అక్కడ చప్పుడు ఆగిపోయింది.

మడతలక్క నా మోచెయ్యి పొడిచింది. నేను తల అడ్డంగా ఊపాను. పెద్దన్న ఎదురుగా ఉన్న బీరువాను అంత శ్రద్ధగా ఎప్పుడూ చూసి ఉండడు. మామ కూర్చున్నాడా, నిలబడి ఉన్నాడా, దిగిపోతున్నాడా. నా మెడ దానంతట అది తిరగబోతే చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

అప్పుడు కింద నుంచి ఎవరిదో కన్నడ గొంతు. "స్వామీ, స్వల్ప దారి బిడి. తలెమేలె మూటె ఇదె."

దారి వదలమంటున్నాడు ఎవరో కొత్త హమాలీ. తలమీద బరువుతో మెట్ల మొదట్లో నిలబడ్డట్టున్నాడు. మామ ఎవరో, మోకాలు ఎవరిదో వాడికి తెలియదు. ఆ మెట్ల మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు. ముందున్నవాడు ఎక్కాలి, లేదా వెనకున్నవాడు దిగాలి. తలమీద మూట ఉన్నవాడు దిగడు.

"తాళప్పా. హత్తాయిద్దీని" అన్నాడు మామ. ఎక్కుతున్నాగా, ఆగమని. గొంతులో నొప్పి కంటే విసుగు ఎక్కువగా ఉంది.

"బేగ హత్తి స్వామీ." తొందరగా ఎక్కమని.

కర్ర చప్పుడు మళ్లీ మొదలైంది. దాని వెనకే బరువైన పాదాలు, ఒక్కో మెట్టూ ఆగుతూ, ఆయన ఎక్కితే ఎక్కుతూ. రెండు ఊపిరులు కలిసి వినిపించాయి. చివరి మెట్టు దగ్గర మామ ఏదో గొణిగాడు. గుమ్మం దాటిన చప్పుడు. వెనకే మూట ధబ్బున దిగింది. హమాలీ మెడ రుద్దుకుంటూ, నీళ్లడిగి తాగి, దిగిపోయాడు.

మామకు పరుపు మీద కూర్చోవద్దన్నారు కాబట్టి కుర్చీ వేసి పెట్టాం. అందులో కూర్చుని మోకాలి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. ఆయన మా వైపు చూడలేదు. మేమూ ఆయన వైపు చూడలేదు. కాసేపు ఎవరికీ ఏ పనీ తోచలేదు.